పోర్షన్లున్న ఇంటికి వేడినీటి ఏర్పాటు: కొనే ముందు వేసుకోవలసిన లెక్కలు

హైదరాబాదులో కింద ఇంటి యజమాని, మొదటి అంతస్తులో రెండు అద్దె పోర్షన్లు, పై అంతస్తులో ఉద్యోగాలు చేసుకునే నలుగురైదుగురు యువకులు కలిసి ఉండే ఇళ్ళు ప్రతి కాలనీలోనూ కనిపిస్తాయి. ఇటువంటి ఇంటికి వేడినీటి ఏర్పాటు చేయడం ఒక్క కుటుంబం ఉండే ఇంటికి చేసినంత తేలిక కాదు. ఒకే కుటుంబమైతే ఎవరి తరువాత ఎవరు స్నానానికి వెళ్ళాలో దానంతట అదే కుదురుతుంది, ఒకరి కోసం ఒకరు ఆగుతారు. నాలుగు వంటగదులున్న ఇంట్లో అందరికీ ఒకే వేళకు వేడినీళ్ళు కావాలి, కరెంటు మీటర్లు వేరువేరుగా ఉంటాయి, డాబా మీద నీళ్ళ ట్యాంకు మాత్రం అందరికీ కలిపి ఒక్కటే ఉంటుంది. ఏ కంపెనీ గీజరు మంచిదని దుకాణంలో అడిగే ముందు ఉదయం రద్దీ ఎంత, ట్యాంకులో నీళ్ళు ఎటువంటివి, బిల్లు ఎవరు కట్టాలి అన్న మూడు సంగతులను ఇంట్లోనే తేల్చుకోవాలి. అవి తేలకుండా కొన్న పరికరం ఎంత ఖరీదైనదైనా జనవరిలో అక్కరకు రాదన్నది నా గట్టి అభిప్రాయం.

మొదట ఉదయం రద్దీని కొలవాలి

ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది సగం లెక్క మాత్రమే. ఉదయం ఆరు నుంచి తొమ్మిది లోపల ఎంతమంది స్నానం చేస్తారు, వారిలో బకెట్టుతో చేసేవారెందరు, షవరు కింద నిలబడేవారెందరు అన్నది మిగిలిన సగం. మామూలు బకెట్టులో సుమారు 20 లీటర్లు పడతాయి. షవరు నిమిషానికి ఎనిమిది లీటర్లు వదిలినా అయిదు నిమిషాల స్నానానికి 40 లీటర్లవుతాయి. అంటే షవరు అలవాటున్న ఒక్క మనిషి వేడినీటి లెక్కలో ఇద్దరితో సమానం.

లెక్క స్పష్టంగా ఉండడానికి ఒక ఇంటిని అనుకుందాం. కింద యజమాని కుటుంబంలో నలుగురు, మొదటి అంతస్తులో మూడేసి మంది ఉన్న రెండు పోర్షన్లు, రెండవ అంతస్తులో అయిదుగురు యువకులు, మొత్తం పదిహేనుమంది. యువకులు అయిదుగురూ ఉదయమే షవరు వాడతారు కాబట్టి వారికి 200 లీటర్లు కావాలి. మిగిలిన పదిమందిలో ఆరుగురు ఉదయం, నలుగురు సాయంత్రం బకెట్టు స్నానం చేస్తారనుకుంటే ఉదయానికి మరో 120 లీటర్లు, సాయంత్రానికి 80 లీటర్లు అవసరమవుతాయి. రోజు మొత్తానికి గోరువెచ్చని నీళ్ళు 400 లీటర్లు, అందులో 320 లీటర్లు మూడు గంటల వ్యవధిలోనే కావాలి.

ఇవి ఒంటికి హాయిగా ఉండే 40 డిగ్రీల నీళ్ళు. చలికాలం ఉదయం ట్యాంకు నీళ్ళు 20 డిగ్రీల దగ్గర ఉంటాయనుకుంటే, 60 డిగ్రీలకు కాగిన నీళ్ళలో అంతే కొలత చన్నీళ్ళు కలిపినప్పుడు 40 డిగ్రీలు వస్తుంది. కాబట్టి ఉదయం 320 లీటర్ల కోసం అలా కాగిన నీళ్ళు 160 లీటర్లు సిద్ధంగా ఉంటే సరిపోతుంది. గీజరు మీద రాసిన లీటర్లకూ స్నానానికి వచ్చే లీటర్లకూ ఉన్న ఈ తేడా తెలియక కొందరు అవసరానికి మించి పెద్దది కొంటారు, ఇంకొందరు 15 లీటర్లది కొని షవరుకు చాలడం లేదని విచారిస్తారు.

కరెంటు లెక్క కూడా ఇక్కడే వేసుకోవచ్చు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలో కాలరీ పడుతుంది, ఒక యూనిట్ కరెంటు 860 కిలో కాలరీలకు సమానం. ఇరవై లీటర్ల బకెట్టును 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి 400 కిలో కాలరీలు, అంటే అర యూనిట్‌కు కొంచెం తక్కువ పడుతుంది. ఏ కంపెనీ గీజరైనా, ఎన్ని నక్షత్రాలున్నదైనా ఈ అంకెను తగ్గించలేదు. స్టోరేజి గీజరు మీది నక్షత్రాల గుర్తు, కాగిన నీళ్ళు వాడకుండా ట్యాంకులోనే ఉన్నప్పుడు వేడి ఎంత తక్కువగా బయటికి పోతుందో చెబుతుంది. ఉదయం ఒక గంట వేసి కట్టేసే ఇంట్లో దానివల్ల కలిగే లాభం స్వల్పమే. రోజంతా వేసి ఉంచే ఇంట్లో, ముఖ్యంగా ఎవరూ స్విచ్చి కట్టని ఉమ్మడి బాత్‌రూములో, ఆ నక్షత్రాలకు మంచి విలువ ఉంటుంది.

ఆదిలాబాదు, చింతపల్లి, అరకు వంటి చోట్ల చలికాలం ట్యాంకు నీళ్ళు ఇంకా చల్లగా ఉంటాయి కాబట్టి ఇక్కడ చెప్పిన 20 డిగ్రీల స్థానంలో అక్కడి అంకెను వేసుకోవాలి. నీళ్ళు 12 డిగ్రీలుంటే అదే బకెట్టుకు 560 కిలో కాలరీలు పడుతుంది, కాగిన నీళ్ళ పాలు కూడా పెంచుకోవలసి వస్తుంది. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో లెక్క ఇంతకంటే తేలికగా తేలుతుంది.

ట్యాంకులో ఉన్నవి ఎటువంటి నీళ్ళు

హైదరాబాదులో జలమండలి సరఫరా చేసే కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్ళ మీదే ఇల్లు నడిస్తే గీజరు చాలా ఏళ్ళు నిలుస్తుంది. కానీ పోర్షన్లున్న ఇళ్ళలో ఆ నీళ్ళు తాగడానికీ వంటకూ పోగా, స్నానాలకు ఎక్కువగా బోరు నీళ్ళే వాడతారు, వేసవిలో ట్యాంకరు నీళ్ళు కూడా వచ్చి చేరతాయి. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించిన కాఠిన్యం, అంటే నీటిలో కరిగి ఉండే సున్నం వంటి లవణాల పాలు, లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకూ అనుమతి ఉంది. చాలా బోర్ల నీళ్ళు మొదటి అంకెను దాటే ఉంటాయి. నీటిని పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు గీజరు ధర ముందు లెక్కలోకి రాదు కనుక ఆ పని తప్పక చేయించాలి. బకెట్ల అంచున తెల్లని పొర కట్టడం, సబ్బు నురగ రాకపోవడం, షవరు రంధ్రాలు పూడిపోవడం వంటివి కనబడితే పరీక్షకు ముందే సమాధానం తెలిసినట్టే.

ఇలా కాఠిన్యం ఎక్కువగా ఉన్న ఉప్పునీళ్ళు కాగినకొద్దీ సున్నపు పొర హీటరు కాయిల్ మీద పేరుకుంటుంది. ఆ పొర వల్ల వేడి నీటికి త్వరగా అందదు, కాయిల్ లోలోపలే కాలి చివరికి తెగిపోతుంది. నీరు 60 డిగ్రీలు దాటిన తరువాత ఈ పొర ఇంకా వేగంగా పెరుగుతుంది కాబట్టి థర్మోస్టాట్‌ను 75కు పెట్టి త్వరగా కాగుతాయని సంతోషించడం గీజరు ఆయుష్షును మనమే తగ్గించడమవుతుంది. అలాగని 40 దగ్గర పెట్టి రోజుల తరబడి నిలవ ఉంచడం కూడా మంచిది కాదు, ఎందుకంటే ఆ గోరువెచ్చదనంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. 60 డిగ్రీలు రెండు విధాలా క్షేమకరం. బోరు నీళ్ళున్న ఇంట్లో లోపల గాజు పూత ఉన్న ట్యాంకు, కాయిల్‌కు కూడా ఆ పూత ఉన్న రకం ఎంచుకోవడం మంచిది. ట్యాంకులో ఉండే మెగ్నీషియం కడ్డీ తుప్పును తన మీదికి తీసుకుని ట్యాంకును కాపాడుతుంది. అది కరిగిపోయిన తరువాత తుప్పు ట్యాంకును పట్టుకుంటుంది కాబట్టి ఏడాదికొకసారి విప్పించి చూసుకోవాలి. అమ్మేవారు దీన్ని గురించి దాదాపు ఎప్పుడూ చెప్పరు కనుక మనమే అడిగి తెలుసుకోవాలి.

ప్రతి బాత్‌రూముకూ విడిగా గీజరు

అద్దె పోర్షన్లున్న ఇళ్ళలో ఎక్కువ మంది ఎంచుకునేది ఇదే, చాలా ఇళ్ళకు సరైనది కూడా ఇదే. ఎవరి గీజరు వారి మీటరు మీద ఉంటుంది, ఎవరు వాడిన కరెంటుకు వారు డబ్బు కడతారు, ఒకటి చెడితే మిగిలిన ఇల్లు ఆగదు. గొట్టాలు పొడవుగా ఉండవు కనుక కొళాయి తిప్పగానే వేడినీళ్ళు వస్తాయి.

పరిమాణం నిర్ణయించడానికి పైన వేసుకున్న లెక్కనే మళ్ళీ వాడాలి. రెండు కిలోవాట్ల కాయిల్ ఉన్న 25 లీటర్ల గీజరు 20 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 35 నిమిషాలు పడుతుంది, 15 లీటర్లదానికి 21 నిమిషాలు చాలు. మనం అనుకున్న ఇంట్లో యువకుల అంతస్తుకు రెండు బాత్‌రూములుంటే, ఒక్కొక్క దాంట్లో 25 లీటర్ల గీజరు పెట్టినప్పుడు ఒక్కసారి కాగిన నీళ్ళతో ఒక షవరు స్నానం పూర్తవుతుంది, తరువాతి వ్యక్తి అరగంట ఆగాలి. గంటన్నరలో రెండు బాత్‌రూములూ కలిపి ఆరు స్నానాలకు సరిపోతాయి, ఉన్నది అయిదుగురే. అదే చోట 15 లీటర్లవి పెడితే షవరు మధ్యలో చన్నీళ్ళు తగులుతాయి. మొదటి అంతస్తులోని ముగ్గురు మనుషుల పోర్షన్లకు మాత్రం, బకెట్టు స్నానమే అయితే, 15 లీటర్లది ఏ ఇబ్బందీ లేకుండా సరిపోతుంది.

మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు ధర తక్కువ కావడంతో అద్దె ఇళ్ళలో ఎక్కువగా బిగిస్తారు. మూడు కిలోవాట్లదైతే అది నిమిషానికి రెండు లీటర్లకు కాస్త మించి మాత్రమే నీటిని 20 డిగ్రీలు వేడెక్కించగలదు. బకెట్టు నిండడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది, షవరుకు అసలే చాలదు. వంటగదిలో గిన్నెలు కడగడానికి అది చక్కని పరికరం. పదిమంది వరుసలో నిలబడే బాత్‌రూముకు దాన్ని ఎంచుకోకూడదు.

ఈ పద్ధతిలో అందరూ మరిచిపోయేది ఇంటి మొత్తం మీద పడే విద్యుత్ భారం. అయిదారు గీజర్లు రెండేసి కిలోవాట్ల చొప్పున ఉదయం ఏడింటికి ఒకేసారి వేస్తే పది పన్నెండు కిలోవాట్లవుతుంది. ప్రతి మీటరుకూ పంపిణీ సంస్థ దగ్గర నమోదైన లోడు ఎంతో బిల్లు మీద ఉంటుంది, అది చూసుకోవాలి. పాత ఇళ్ళలో ఒకటి రెండు కిలోవాట్లే నమోదై ఉండడం కద్దు. గీజరుకు విడిగా తీగ లాగించాలి. రెండు కిలోవాట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మూడు కిలోవాట్లకు 4 చదరపు మిల్లీమీటర్లది, 16 ఆంపియర్ల సాకెట్, దానికి సొంత ఎం.సి.బి. (భారం మించితే కరెంటును తెంచే స్విచ్చి) తప్పనిసరిగా ఉండాలి. ఇవన్నీ ఉన్నా, కరెంటు లీకయితే పసిగట్టి వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. లేకపోతే ఏర్పాటు పూర్తయినట్టు కాదు. ఎర్తింగ్ సరిగా లేని పాత ఇంట్లో తడి చేత్తో కొళాయి పట్టుకున్న మనిషి ప్రాణాన్ని నిలబెట్టేది ఆ చిన్న పెట్టె. దాని మీద ఉండే పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి, కరెంటు పోతుందో లేదో చూడడం యజమాని బాధ్యతగా పెట్టుకోవాలి.

గీజర్లు పెట్టించకపోతే అద్దెకున్నవారు హీటరు రాడ్లు కొనుక్కుంటారు. ప్లాస్టిక్ బకెట్టులో రాడ్ వేసి మరిచిపోవడం, స్విచ్చి కట్టకుండానే నీళ్ళలో చెయ్యి పెట్టి చూడడం వల్ల ప్రతి చలికాలమూ మరణాలు సంభవిస్తున్నాయి. మీ ఇంట్లో ఉండే పిల్లలు ఎవరి పిల్లలైనా, రాడ్ల అవసరం రాకుండా చూడడమే గీజరు ఖర్చుకు తగిన కారణమని నేను నమ్ముతాను.

గ్యాస్ గీజరు గురించి

నిమిషానికి ఆరు లీటర్ల గ్యాస్ గీజరు సుమారు పది కిలోవాట్ల వేడిని ఇస్తుంది, ఎంతమంది వరుసగా స్నానం చేసినా వేడినీళ్ళు ఆగవు. ఒక 14.2 కిలోల సిలిండరుతో, మన లెక్క ప్రకారం, సుమారు 300 బకెట్ల నీళ్ళు కాచుకోవచ్చు. మీ ఊళ్ళో సిలిండరు ధరను, యూనిట్ ధరను ఎదురెదురుగా పెట్టుకుని ఎవరైనా తేల్చుకోవచ్చు. అద్దెకిచ్చే హాస్టలు వంటి వ్యాపారానికి గృహ అవసరాల సిలిండరు వాడడానికి వీల్లేదని, దానికి 19 కిలోల వాణిజ్య సిలిండరే తీసుకోవాలని గుర్తుంచుకోవాలి.

అయితే ధర కంటే ముందు చూడవలసింది గాలి. గ్యాస్ మండడానికి గదిలోని ప్రాణవాయువు ఖర్చవుతుంది, అది చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసి ఉన్న బాత్‌రూములో ఉన్న మనిషికి మత్తు కమ్మి, తలుపు తీసుకునే శక్తి కూడా లేకుండా పోతుంది. మన దేశంలో ఇలా పోయిన ప్రాణాలు కొత్తగా పెళ్ళయిన జంటల దగ్గర నుంచి హాస్టలు విద్యార్థుల దాకా ఉన్నాయి. గ్యాస్ గీజరును బాల్కనీలోనో, గాలి ఆడే వెనుక వసారాలోనో బిగించి, వేడినీళ్ళను మాత్రం గొట్టం ద్వారా లోపలికి తేవాలి. పైన చిన్న వెంటిలేటరు ఉన్నంత మాత్రాన సరిపోతుందని ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు. బయట చోటు లేని ఇంటికి గ్యాస్ గీజరు వద్దు. చలికి ఆ వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టేది అద్దెకున్నవారే కాబట్టి, ఉమ్మడి ఇంట్లో ఈ విషయంలో సడలింపు ఉండరాదు.

డాబా మీది సౌర హీటరు

ఇంటికంతటికీ ఒకే ఏర్పాటు కావాలనుకునేవారు ముందుగా చూసేది సోలారు. మనం అనుకున్న ఇంటికి రోజుకు 400 లీటర్ల గోరువెచ్చని నీళ్ళు, అంటే కాగినవి 200 లీటర్లు కావాలి కనుక, 200 లీటర్ల వ్యవస్థ సరిపోతుంది. రాగి గొట్టాలున్న పలక రకమైతే వంద లీటర్లకు రెండు చదరపు మీటర్ల పలక చొప్పున నాలుగు చదరపు మీటర్లు, దాని చుట్టూ తిరగడానికి చోటు కావాలి. దక్షిణం వైపు ఏ చెట్టు నీడా, పక్క అపార్టుమెంటు నీడా పడకూడదు. పక్క స్థలం ఖాళీగా ఉంటే రేపు అక్కడ నాలుగంతస్తులు లేస్తాయన్న ఊహ కూడా ఉండాలి.

గాజు గొట్టాల రకం ధర తక్కువ, మబ్బు పట్టిన రోజున కూడా కొంత పనిచేస్తుంది, ఉప్పునీళ్ళను కొంతవరకూ ఓర్చుకుంటుంది. పలక రకంలో రాగి గొట్టాలు సన్నగా ఉంటాయి, బోరు నీళ్ళకు అవి లోపల పూడిపోతాయి కాబట్టి అటువంటి ఇంట్లో ఉష్ణ వినిమయ ఏర్పాటు ఉన్న రకమే, అంటే బోరు నీళ్ళు ఆ గొట్టాల్లోకి పోకుండా వాటిలో తిరిగే వేరే ద్రవం వేడిని మాత్రం అందించేదే, తీసుకోవాలి. కోతుల బెడద ఉన్న ఊళ్ళలో గాజు గొట్టాలు నిలవవు. ఇందులో ఏది మేలన్నది నీళ్ళను, పరిసరాలను బట్టి చెప్పవలసిన మాట.

ప్లంబరుతో మాట్లాడేటప్పుడు మూడు సంగతులు గట్టిగా అడగాలి. చన్నీళ్ళ ట్యాంకు అడుగు భాగం సోలారు ట్యాంకు కంటే ఎత్తున ఉండాలి, లేకపోతే సోలారు ట్యాంకు నిండనే నిండదు. చాలా ఇళ్ళలో ఓవర్‌హెడ్ ట్యాంకు డాబా నేల మీదే ఉంటుంది, దాన్ని ఎత్తించే ఖర్చును కొటేషనులో ఎవరూ రాయరు. రెండవది, వేడినీటి గొట్టం వేడిని తట్టుకునే ప్లాస్టిక్ అయిన సి.పి.వి.సి.ది అయి ఉండాలి, మామూలు పి.వి.సి. గొట్టం వేడికి వంగిపోతుంది. మూడవది గొట్టం పొడవు. ముప్పావు అంగుళం గొట్టం 20 మీటర్లు దిగితే అందులో సుమారు అయిదు లీటర్ల చన్నీళ్ళు నిలిచి ఉంటాయి, కింద అంతస్తులో కొళాయి తిప్పినవారికి అవి పోయాకే వేడినీళ్ళు అందుతాయి. ఆరు బాత్‌రూములకు కలిపి ముప్పై లీటర్లు, బకెట్లలో పట్టి దాచకపోతే రోజూ వృథా అవుతాయి. గొట్టానికి దారి పొడవునా నురగ తొడుగు వేయించడం వల్ల రెండవ వ్యక్తి నుంచి ఈ ఇబ్బంది తగ్గుతుంది.

ఇక అసలు ప్రశ్న. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు దండిగా ఉన్నప్పుడు వేడినీళ్ళు ఎవరికీ అక్కరలేదు, ట్యాంకు నీళ్ళే వేడెక్కి ఉంటాయి. జూలై, ఆగస్టు ముసురులో కావాలి, అప్పుడు ఎండ ఉండదు. డిసెంబరు, జనవరిల్లో ఎండ శుభ్రంగా ఉంటుంది, వేడినీళ్ళూ కావాలి. సోలారు తన పూర్తి విలువను చూపేది ఆ నెలల్లోనే. అందుచేత ముసలివారు, పసిపిల్లలు, బాలింతలు ఉండి ఏడాది పొడవునా వేడినీళ్ళు వాడే ఇంటికి అది మంచి పెట్టుబడి, యువకులు మాత్రమే ఉండే ఇంటికి అంత కాదు. ముసురు రోజుల కోసం ట్యాంకులో మూడు కిలోవాట్ల కాయిల్ వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడన్నట్టు ఉండనే ఉంటుంది, కానీ 200 లీటర్లనూ అదే కాచవలసి వస్తే మూడు గంటలు దాటుతుంది, తొమ్మిది యూనిట్లు మించుతాయి. ఉదయం ఆరింటికి నీళ్ళు కావాలంటే తెల్లవారుజామున మూడు గంటలకు ముందే వేయాలి కాబట్టి దానికి టైమరు పెట్టించాలి.

డాబా మీద చోటు పరిమితంగా ఉంటే, కరెంటు ఇచ్చే సోలారు పలకలతో పోటీ వస్తుంది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్య ఘర్ పథకం కింద కేంద్ర రాయితీ కరెంటు పలకలకే దొరుకుతుంది, నీళ్ళు కాచే వాటికి దొరకదు. ఒక కిలోవాటు పలకలకు సుమారు పది చదరపు మీటర్ల డాబా కావాలి, రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి. నీళ్ళు కాచే పలక రెండు చదరపు మీటర్లలోనే అంతకు సమానమైన వేడిని ఇస్తుంది. కానీ కరెంటు పలక మే నెలలో ఫ్యాన్లు తిప్పుతుంది, ఏసీ నడుపుతుంది. నా వరకు, రాయితీ అందుకోగల యజమానికి డాబా నిండా కరెంటు పలకలు, బాత్‌రూముల్లో మామూలు గీజర్లు అన్నదే సరైన జోడీ అనిపిస్తుంది.

హీట్ పంపు

ఫ్రిజ్ లోపలి వేడిని బయటికి తోసినట్టే, ఇది బయటి గాలిలోని వేడిని లాగి నీటికి ఇస్తుంది. ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వరకూ వేడి వస్తుంది కాబట్టి తొమ్మిది యూనిట్ల పని మూడు యూనిట్లతో అవుతుంది. మన వాతావరణం దానికి అనుకూలం. ధర మాత్రం గీజరుకు చాలా రెట్లు, బాగుచేసేవారు చిన్న పట్టణాల్లో సులభంగా దొరకరు. పదిహేనుమంది ఇంటికి నేను సిఫారసు చేయను, ముప్పై నలభై మంది ఉండి రోజూ వేడినీళ్ళు వాడే హాస్టలుకు మాత్రం దీన్ని తప్పక పరిశీలించాలి.

బిల్లు ఎవరు కట్టాలి

ఉమ్మడి ఏర్పాటు చెడిపోయేది ఎక్కువగా పరికరం వల్ల కాదు, డబ్బు మాట తేల్చకపోవడం వల్ల. సోలారు కాయిల్ యజమాని మీటరు మీద ఉండి, నీళ్ళు పై అంతస్తువారు ఎక్కువగా వాడితే మొదటి ముసురు నెలలోనే మాట వస్తుంది, రెండవ నెలలో యజమాని కాయిల్ స్విచ్చి కట్టేస్తారు, మూడవ నెలలో అద్దెకున్నవారు రాడ్లు కొంటారు. దీన్ని నివారించడానికి కాయిల్‌కు విడిగా ఒక సబ్‌మీటరు పెట్టి, దాని యూనిట్లను మనుషుల లెక్కన పంచుకోవాలని అద్దె ఒప్పందంలోనే రాసుకోవాలి. పోర్షన్ల లెక్కన పంచితే ఇద్దరున్న ఇల్లూ అయిదుగురున్న ఇల్లూ సమానంగా కట్టవలసి వస్తుంది, అది న్యాయం కాదు.

తెలంగాణలో దీనికి మరో కోణం కూడా ఉంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన తెల్ల రేషను కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకూ కరెంటు ఉచితం, ఆ గీత దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. ముగ్గురున్న పోర్షన్‌లో రోజుకు మూడు బకెట్లు కాచుకుంటే, ట్యాంకు నుంచి పోయే వేడితో కలిపి నెలకు 50 యూనిట్ల వరకూ అవుతుంది. మామూలుగా 160 యూనిట్లు వాడే ఆ కుటుంబం డిసెంబరులో గీత దాటుతుంది. అటువంటి అద్దెదారులకు సోలారు నీళ్ళు అందించడం యజమాని చేయగల పెద్ద మేలు, కొద్దిగా అద్దె ఎక్కువైనా వారు సంతోషంగా ఉంటారు.

గదులను వేడి చేయవలసిన చోట

హైదరాబాదులో దుప్పటి చాలు. ఆదిలాబాదు, లంబసింగి ప్రాంతాల్లో గదికి కూడా వేడి కావలసి రావచ్చు. నూనె నింపిన రేడియేటరైనా, ఫ్యాను హీటరైనా ఒక యూనిట్‌కు ఇచ్చే వేడి ఒక్కటే కాబట్టి, తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి అన్న ప్రకటనలను పట్టించుకోనక్కరలేదు. వేడి కూడా ఇచ్చే ఏసీ ఒక్కటే హీట్ పంపు సూత్రంతో దాదాపు మూడు రెట్లు ఇస్తుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం గ్యాస్ గీజరు ప్రమాదం వంటిదే, అద్దెకిచ్చే ఇంట్లో దాన్ని రాతపూర్వకంగా నిషేధించాలి.

బిగించేటప్పుడు, ఆ తరువాత

నీళ్ళు నిండిన 25 లీటర్ల గీజరు బరువు 35 కిలోల వరకూ ఉంటుంది, నాలుగు అంగుళాల గోడకు మామూలు మేకులతో అది ఆగదు. కింది అంతస్తుల్లో ట్యాంకు ఎత్తును బట్టి నీటి పీడనం పెరుగుతుంది, పది మీటర్లకు ఒక బార్ చొప్పున, ప్రెషర్ పంపు ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి ఎనిమిది బార్లు తట్టుకునే రకం కొనడం, పీడనం పెరిగినప్పుడు నీటిని వదిలే దాని సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు కారుతున్నాయని గుడ్డ కట్టకుండా ఉండడం రెండూ ముఖ్యమే. మొదటిసారి వేసేటప్పుడు వేడినీటి కొళాయి నుంచి ధారగా నీళ్ళు వచ్చిన తరువాతే స్విచ్చి వేయాలి, ఖాళీ ట్యాంకులో కాయిల్ నిమిషాల్లో కాలిపోతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు ఎండిపోయిన రోజున కూడా ఇదే ప్రమాదం ఉంటుంది, ఆ సంగతి అద్దెకు దిగేవారికి మొదటి రోజే చెప్పాలి. ట్యాంకుకు, కాయిల్‌కు, మిగిలిన పరికరానికి వారంటీ వేరువేరు ఏళ్ళుంటుంది, మూడూ బిల్లు మీద రాయించుకోవాలి.

దసరా వెళ్ళిన వారంలో, చలి మొదలు కాకముందే, ఒక ఎలక్ట్రీషియన్‌ను, ఒక ప్లంబరును పిలిపించి అన్ని బాత్‌రూములూ ఒకే రోజున చూపించుకోవాలి. ఆర్.సి.సి.బి. పరీక్ష, ఎర్తింగ్, మెగ్నీషియం కడ్డీ, కాయిల్ మీది సున్నం, సేఫ్టీ వాల్వు, సోలారు ఉంటే గొట్టాల మీది దుమ్ము, టైమరు వేళ, ఇవన్నీ సరిచూసి, అయిన ఖర్చును ఎవరెంత ఇవ్వాలో అదే రోజు కాగితం మీద పెట్టి అందరికీ చూపించాలి.